బతికున్నవాళ్ళకి స్మృతిగీతం

ఏడాది పాటు ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌ని నేను తప్పు వరసలో విన్నాను.

2008. మద్దిలపాలెం బస్ డిపోకి కాస్త లోపలగా, ఒక డాబా మీద రేకుల గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. రాత్రిపూట హైవే మీద లారీల మోత ఆగేది కాదు. పాటలన్నీ పెన్ డ్రైవుల్లో ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగేవి. పింక్ ఫ్లాయిడ్‌ని మా గదికి తెచ్చినవాడు మా ముగ్గురిలోనూ గిటార్ వాయించేవాడు. వాడు ఆ ఫోల్డర్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, కంప్యూటర్ ఆ ఐదు పాటల్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చింది. ముందు ‘హావ్ ఎ సిగార్’, తర్వాత ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ రెండు భాగాలూ పక్కపక్కనే, ఆపైన ‘వెల్‌కమ్ టు ద మెషీన్’, చివర ‘విష్ యూ వర్ హియర్’. అదే అసలు వరస అనుకున్నాం. అలాగే ప్రేమించాం.

అసలు వరస వేరు. ‘షైన్ ఆన్’ మొదటి భాగంతో ఆల్బమ్ మొదలవుతుంది, రెండో భాగంతో ముగుస్తుంది. మధ్యలో మిగతా మూడు పాటలు. అంటే ఒక మనిషి గురించి మాట మొదలెట్టి, అతన్ని మింగేసిన లోకం గురించి మూడు పాటలు పాడి, మళ్ళీ అతని దగ్గరికే రావడం. ఆ రెండు భాగాల్నీ పక్కపక్కన పెట్టి వింటే ఇరవయ్యారు నిమిషాల మంచి సంగీతం వినిపిస్తుంది. విడదీసి వింటే మధ్యలో ఖాళీ వినిపిస్తుంది. ఆల్బమ్ ఆ ఖాళీ గురించే అని నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆ ఖాళీ ఎవరిది అన్న ప్రశ్న రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

తెలియనివాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్తాను. పింక్ ఫ్లాయిడ్ అనే పేరు పెట్టినవాడు సిడ్ బారెట్. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి పెట్టాడు. 1967లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో పాటలు చాలా వరకు అతనివే. అప్పటికి అతని వయసు ఇరవయ్యొకటి. ఆ ఏడాది తిరిగేలోపే మనిషి చేతికి అందకుండా పోయాడు. స్టేజీ మీద ఒక్కోసారి వాయించేవాడు కాదు, అలా నిలబడి ఉండేవాడు. అందులో ఎల్‌ఎస్‌డీ పాలెంత, లోపలి జబ్బు పాలెంత అన్నది ఈనాటికీ తేలని లెక్క. అతని పక్కన వాయించడానికి అతని చిన్ననాటి స్నేహితుడు డేవిడ్ గిల్మర్‌ని తెచ్చుకున్నారు. 1968 జనవరిలో ఒకరోజు కచేరీకి కారులో వెళ్తూ, సిడ్‌ని ఎక్కించుకుందామా అని ఒకరు అడిగితే, ఎందుకులే అనుకున్నారు. తగువు లేదు, సంజాయిషీ లేదు. ఒక మనిషిని వాళ్ళింటి దగ్గర ఎక్కించుకోలేదు, అంతే. ఏప్రిల్‌లో ఆ మాట బయటికి చెప్పారు.

ఏడేళ్ళ తర్వాత, 1975లో, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో వాళ్ళు అతని కోసం ఒక ఆల్బమ్ చేస్తున్నారు. అప్పటికి ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ వచ్చి రెండేళ్ళయింది. డబ్బూ పేరూ తలమునకలుగా వచ్చాయి. ఏం చెయ్యాలో ఎవరికీ తోచట్లేదు. నలుగురూ ఒకే గదిలో కూర్చుంటున్నారు గానీ ఎవరూ అక్కడ లేరు. అంతకు ముందు ఏడాదే గిల్మర్ గిటార్ మీద నాలుగు స్వరాలు పలికించాడు. రోజర్ వాటర్స్‌కి ఆ నాలుగు స్వరాల్లో సిడ్ వినిపించాడు.

ఇక్కడ సంగీతం గురించి కొంచెం చెప్పాలి. ‘షైన్ ఆన్’ మొదటి భాగం పదమూడున్నర నిమిషాలు. గొంతు వినపడేది ఎనిమిది నిమిషాలు దాటాకే. మొదట వినిపించే ఆ తేలిక హోరులో వైన్ గ్లాసుల అంచుల మీద తడి వేళ్ళు రాస్తే వచ్చే నాదం కూడా ఉంది, మన జలతరంగానికి దూరపు చుట్టం. దాని మీద రిక్ రైట్ సింథసైజర్, ఆపైన ఎక్కడో దూరం నుంచి గిటార్. ఆ తర్వాతే ఆ నాలుగు స్వరాలు, ఒంటరిగా. రాక్ సంగీతం అలవాటు లేని నాన్నలాంటివాళ్ళు దీన్ని వింటే ‘పాట ఎప్పుడు మొదలవుద్ది?’ అంటారనుకునేవాణ్ణి. నిజానికి అనరు. మా గది నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, పిఠాపురం కాలనీలో, కళాభారతి ఉంది. అక్కడ కచేరీలో ఆలాపన పావుగంట సాగితే పాట ఇంకా మొదలవలేదని ఎవరూ వాచీ చూసుకోరు. రాగం ముందు గదిలోకి వచ్చి కూర్చోవాలి, సాహిత్యం తర్వాత. ‘షైన్ ఆన్’ చేసేదీ అదే. పేరు పెట్టి పిలవడానికి ముందు ఆ మనిషికి చోటు చేస్తుంది. ఎనిమిది నిమిషాల పాటు కుర్చీ వేసి ఖాళీగా ఉంచుతుంది.

అయితే 1975 జూన్ 5న ఆ కుర్చీలోకి నిజంగానే మనిషి వచ్చాడు.

ఆ రోజు స్టూడియోలోకి ఒక లావుపాటి మనిషి వచ్చి తిరుగుతున్నాడు. గుండు. కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. స్టూడియో వాళ్ళ మనిషేమో అని ఒకరు, ఇంకెవరి తాలూకో అని ఒకరు అనుకున్నారు. అతను సిడ్ అని తెలియడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు. ఆ పూట వాళ్ళు ‘షైన్ ఆన్’ మీదే పని చేస్తున్నారు. ఆ రోజు ఎవరేం అన్నారన్న దాంట్లో బ్యాండ్ సభ్యుల జ్ఞాపకాలు ఒకదానికొకటి కలవవు. వాటర్స్ కంటతడి పెట్టాడన్నది మాత్రం చాలామంది చెప్పిందే. తర్వాత సిడ్ వెళ్ళిపోయాడు. ఆల్బమ్ సెప్టెంబరులో వచ్చింది. ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది.

మా గదిలో ఈ కథని ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. చీకట్లో, సిగరెట్ వెలుగులో, గొంతు తగ్గించి చెప్పుకునే కథ. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడిచేది. ఆ గగుర్పాటే ఇప్పుడు నన్ను ఇబ్బంది పెడుతోంది.

ఒకసారి మెల్లగా ఆలోచించండి. ‘నువ్వు ఇక్కడుంటే బాగుండేది’ అని పాడుతున్నవాళ్ళ ముందుకి ఆ ‘నువ్వు’ వచ్చి నిలబడితే, వాళ్ళు గుర్తుపట్టలేదు. కాబట్టి వాళ్ళు కోరుకున్నది అతన్ని కాదు, 1967లో ఉన్న ఒక కుర్రాణ్ణి. ఆ కుర్రాడు ఎలాగూ రాడు. వచ్చిన మనిషికేమో ఆ పాటలో చోటు లేదు. స్మృతిగీతం అనేది చనిపోయినవాళ్ళకి రాస్తాం. బతికున్న మనిషికి రాస్తే, ‘నువ్వు నా వరకు చనిపోయావు’ అని అతని మొహం మీదే చెప్పినట్టు కాదా? అంత అందంగా చెప్పినంత మాత్రాన తప్పు తగ్గుతుందా?

పాత మద్దిలపాలెం రాత్రుల్లో అయితే ఈ ప్రశ్న అడిగినవాణ్ణి మేం గదిలోంచి గెంటేసేవాళ్ళం. బ్యాండ్ తరఫున చెప్పదగినవి చాలానే ఉన్నాయి, గట్టివే.

మొదటిది, వాళ్ళు పాట ఒక్కటే రాసి ఊరుకోలేదు. 1970లో సిడ్ సొంత ఆల్బమ్‌లు రెండు వచ్చాయి. వరస తప్పే తాళం, మధ్యలో ఆగిపోయే పాట, ఇవన్నీ భరిస్తూ వాటిని పూర్తి చేయించినవాళ్ళలో గిల్మర్, వాటర్స్, రైట్ ఉన్నారు. 2001లో పింక్ ఫ్లాయిడ్ ‘ఎకోస్’ అనే సంకలనం తెచ్చినప్పుడు అందులో సిడ్ పాటలు ఐదు పెట్టారు. అతనికి రావాల్సిన రాయల్టీ అతనికి చేరేలా గిల్మర్ చూసుకునేవాడని చెబుతారు. రాయల్టీ లెక్క మీద ఎవరూ పాట రాయరు. కానీ నెలనెలా ఇంటి ఖర్చు గడవడం అనేది ఏ గిటార్ సోలో కన్నా చిన్న విషయం కాదు.

రెండోది, ఆ ఆల్బమ్ వేలెత్తి చూపేది ముందు తమనే. ‘వెల్‌కమ్ టు ద మెషీన్’లో యంత్రం గుండెలా కొట్టుకుంటుంది. స్టీల్ ప్లాంటూ పోర్టూ ఉన్న ఊళ్ళో, క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ఏడాదిలో ఆ పాట విన్న మాకు, అది ఇంగ్లండ్ పాట అని ఎప్పుడూ అనిపించలేదు. ‘హావ్ ఎ సిగార్’లో మాట్లాడేది కంపెనీ మనిషి. మీరంటే ప్రాణం అంటూనే, మీలో పింక్ అనేవాడు ఎవరు అని అడుగుతాడు. ఆ పేరు పెట్టినవాణ్ణి దారిలో వదిలేసి వచ్చినవాళ్ళు ఈ ప్రశ్నని పాటలో పెట్టుకోవడం అంటే నవ్వులాటకి కాదు. అట్ట మీద బొమ్మ కూడా చూడండి. ఇద్దరు మనుషులు చేతులు కలుపుతుంటారు, అందులో ఒకడు నిలువునా మంటల్లో ఉంటాడు. అది ట్రిక్ ఫోటో కాదు, ఒక స్టంట్‌మన్‌కి నిజంగానే నిప్పు పెట్టి తీసింది. ఒకడు కాలుతుంటే ఇంకొకడు మర్యాదగా షేక్ హ్యాండ్ ఇస్తున్నాడు. సిడ్ విషయంలో తమ పాత్ర ఏమిటో వాళ్ళకి తెలియదని ఎలా అంటాం?

అన్నీ ఒప్పుకుంటాను. అయినా మిగిలేది ఒకటుంది. సిడ్ కేంబ్రిడ్జ్‌లో తల్లి దగ్గరికి చేరాడు. పాత పేరు వదిలేసి, అమ్మానాన్నలు పెట్టిన రోజర్ అన్న పేరుతోనే బతికాడు. బొమ్మలు వేసుకున్నాడు, మొక్కలు పెంచుకున్నాడు. పాత సంగతులు ఎత్తితే అతనికి బాధ అని ఇంట్లోవాళ్ళు చెబుతూనే ఉన్నారు. అయినా అభిమానులు ఆ వీధికి వస్తూనే ఉన్నారు, కెమెరాలు వస్తూనే ఉన్నాయి. 2006 జులైలో అరవయ్యేళ్ళకి చనిపోయేదాకా. వాళ్ళని అక్కడికి పంపినది ఎక్కువగా అతని పాటలు కాదు, అతని మీద పాట. ‘అతను లేడు’ అని ఒక పాట ప్రపంచమంతా మోగుతుంటే, అతను తన తోటలో ప్రశాంతంగా ఉండలేకపోయాడు.

ఇది ఇంగ్లీషువాళ్ళ గొడవ అనుకుని వదిలెయ్యడానికి లేదు. మన దగ్గరా ఉంది. ‘మహాప్రస్థానం’ తెరిస్తే చలం యోగ్యతాపత్రంతో పాటు మొదట కనిపించేది ఒక అంకితం. కొంపెల్ల జనార్దనరావు కోసం. ‘ఉదయిని’ పత్రిక నడిపినవాడు, 1937లో క్షయతో ముప్పయ్యేళ్ళకే పోయినవాడు. మా ఊరివాడే అయిన శ్రీశ్రీ ఆ కవితలో అతన్ని ‘నువ్వు’ అనే పిలుస్తాడు. నువ్వు పోతే లోకం తన పని తను చేసుకుపోయిందే అని లోకాన్ని నిలదీస్తాడు. వాటర్స్, గిల్మర్ల కన్నా దాదాపు నలభయ్యేళ్ళ ముందు, అదే దుఃఖం, అదే కోపం, అదే సిగ్గు. తెలుగులో స్నేహితుడి మీద వచ్చిన కవితల్లో దానికి సాటి వచ్చేది నేను చదవలేదు.

కానీ ఆ కవితని ప్రేమించే మాలాంటివాళ్ళని అడిగి చూడండి. కొంపెల్ల జనార్దనరావు రాసినదాంట్లో ఏం చదివావు? నన్ను ఎవరూ అడగలేదు గానీ, అడిగితే చాలా ఏళ్ళ వరకు నా జవాబు: ఏమీ లేదు. అతని పేరు తెలుసు, అతని రాత తెలియదు. శ్రీశ్రీ అతన్ని మరపు నుంచి కాపాడాడు. కాపాడిన ఆ ఒక్క పేజీయే అతని ముందు గోడలా నిలబడింది. ఇందులో శ్రీశ్రీ తప్పు లేదు. కొంపెల్ల చనిపోయాడు, స్నేహితుడు చెయ్యగలిగింది అదే. తప్పంటూ ఉంటే పాఠకుడిది. దుఃఖం ఎంత బాగా పాడారో విని, ఎవరి గురించి దుఃఖమో వాళ్ళ జోలికి పోకుండా పుస్తకం మూసేసిన నాది.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు.

మా గదిలో గిటార్ వాయించేవాడు ఆఖరి సంవత్సరంలో జబ్బుపడ్డాడు. ముందు నిద్ర పోయింది. తర్వాత మాటలు ఒకదానికొకటి అతకడం మానేశాయి. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళాడు. ఆస్పత్రి, మందులు, తర్వాత శ్రీకాకుళం జిల్లాలో వాళ్ళ ఊరు. మొదటి ఏడాది రెండుసార్లు వెళ్ళాను. తర్వాత ఫోన్. తర్వాత అదీ లేదు. మూడేళ్ళకి ఒక రాత్రి ఈ ఆల్బమ్ వింటూ ఫేస్‌బుక్‌లో వాడి గురించి రాశాను. పేరు రాయలేదు. డాబా గది, పెన్ డ్రైవు, వాడి వేళ్ళు, ఆ నాలుగు స్వరాలు, ఇప్పుడు వాడు లేని లోటు. జనం ఏడ్చామని రాశారు. ఒకాయన నన్ను కథలు రాయమన్నాడు. నేను రాసినవాటిలో మొదటిసారి మెచ్చుకోలు వచ్చింది దానికే. వాడు మందులు వేసుకుంటున్నాడా, పడుకుంటున్నాడా, ఆ రోజుకి నాకు తెలియదు.

చాలా కాలానికి వాడే ఫోన్ చేశాడు. విశాఖలో డాక్టర్‌కి చూపించుకోవడానికి వస్తున్నాడట, మద్దిలపాలెంలో దిగితే ఆటో దొరుకుతుందా అని. నాకు గొంతు పెగల్లేదు. ఏదో ఒకటి అనాలని, ఇంకా పింక్ ఫ్లాయిడ్ వింటున్నాను గురూ అన్నాను.

‘ఏట్రా, ఇంకా అదే వింతన్నావేటి?’ అని నవ్వాడు. ‘అది వింటే నాకు తలనొప్పొత్తాది. మా అమ్మ ఘంటసాల పెడతాది, అది వింతన్నాను. ఆటో సంగతి సెప్పు.’

వాడు ఎక్కడికీ పోలేదు. మూడు గంటల బస్సు దూరంలో అమ్మతో ఘంటసాల వింటూ ఉన్నాడు. లేనిది నేను. ‘వాడు లేని లోటు’ అని నేను రాసుకున్నది నిజానికి నేను వెళ్ళకపోవడం. దానికి మంచి పేరు పెట్టి, నాలుగు స్వరాలు జోడించి, వాడి మీద పెట్టాను.

అందుకని నాకు ఇప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. బతికున్న మనిషి గురించి విషాదంగా ఏదైనా రాస్తున్నప్పుడు, ఆ మనిషి ఈ క్షణాన తలుపు తీసుకుని వస్తే నాకు సంతోషంగా ఉంటుందా, ఇబ్బందిగా ఉంటుందా? ఇబ్బంది అయితే, నేను రాస్తున్నది అతని కోసం కాదు. అలాగని రాయకూడదని కాదు. ఈ పరీక్షలో తప్పిన రాతల్ని తీసేస్తే సాహిత్యంలో సగం పోతుంది. కానీ అది ప్రేమ అని చెప్పుకోకూడదు. అది ఒప్పుకోలు అవ్వాలి. ‘విష్ యూ వర్ హియర్’ నాకు ఈనాటికీ గొప్ప ఆల్బమ్‌గా మిగిలింది అందుకే. పిచ్చివాడైపోయిన మేధావి గురించిన కథగా వింటే అది మనల్ని చెడగొడుతుంది, మనిషి పాడైపోవడంలో అందం చూడటం నేర్పుతుంది. ఒక మనిషిని ఇంటి దగ్గర ఎక్కించుకోకుండా కారు పోనిచ్చినవాళ్ళు, ఏడేళ్ళ తర్వాత ఆ కారులో ఎంత ఖాళీగా ఉందో చెప్పుకున్న మాటగా వింటే అది వేరే పాట.

వినేవాడి వంతు కూడా ఒకటి ఉంది. 1968లో వచ్చిన రెండో ఆల్బమ్ చివర సిడ్ పాట ఒకటుంది, ‘జగ్‌బ్యాండ్ బ్లూస్’. మూడే నిమిషాలు. మధ్యలో సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్ వాళ్ళు బూరాలు ఊదుతుంటారు, పెళ్ళి మేళంలా మొదలై సంతలా చెల్లాచెదురైపోతుంది. చివర అతనొక్కడే గిటార్‌తో మిగులుతాడు. తను అక్కడ లేడన్న సంగతి చాలా మర్యాదగా, కొంచెం వెటకారంగా, అతనే పాడాడు. మిగతావాళ్ళు పాడడానికి ఏడేళ్ళ ముందే. అందులో జాలి లేదు. తన గురించి తనే మాట్లాడుతున్న మనిషి ఉన్నాడు. ‘షైన్ ఆన్’ని వందల సార్లు విన్న నేను దీన్ని మొదటిసారి విన్నది ముప్పై దాటాక.

ఆ రోజు మద్దిలపాలెంలో బస్సు దిగినవాణ్ణి నేను వెంటనే గుర్తుపట్టలేదు. మందుల వల్ల ఒళ్ళు చేశాడు, జుట్టు పల్చబడింది. వాడే నన్ను చూసి చెయ్యెత్తాడు. డిపో ఎదురుగా టీ తాగాం. డాక్టర్ చీటీలో ఏముందో చదివి చెప్పమన్నాడు, చెప్పాను. పాత పాటల సంగతి ఇద్దరం ఎత్తలేదు. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులట, ఏ ఆయింట్‌మెంట్ మంచిది అని అడిగాడు. తెలియదు, కనుక్కుని చెప్తానన్నాను.

కనుక్కున్నాను. ఈసారి ఫోన్‌లో కాకుండా, పట్టుకెళ్ళి ఇచ్చాను.